మేడమ్ నాకు అప్పజెప్పిన పాఠాలు

మేడమ్ పోయారన్న వార్త నాకు ఫెర్రీలో తెలిసింది. మా ఇల్లున్న డార్ట్‌మౌత్ నుంచి యూనివర్సిటీ ఉన్న హాలిఫాక్స్ వైపు దాటుతుంటే ఫోన్ మోగింది. అక్క, అంటే మేడమ్ కూతురు, మేము అద్దెకున్న ఇంటి ఓనరు, ఇంటి గ్రూపులో ఒక్క ముక్క పెట్టింది. అమ్మ తెల్లవారుజామున వెళ్లిపోయింది అని. ఫెర్రీ అవతలి ఒడ్డు చేరేలోపే సంతాపాలు మొదలయ్యాయి. చేతులు జోడించిన బొమ్మలు, తెల్లపూల బొమ్మలు. ఎప్పుడో ఒక చలికాలం ఆ బేస్‌మెంట్‌లో ఉండి వెళ్లిపోయిన అమ్మాయి, 'ఏనాడూ ఎవరినీ ఒక్క మాట అనని దేవత, మా అమ్మలాంటి మేడమ్' అని రాసింది. చదివితే ఒళ్లు మండిపోయింది. ఈ అమ్మాయి బాత్రూంలో జుట్టు వదిలేసిందని మేడమ్ ఆ జుట్టును టిష్యూ పేపర్లో పొట్లం కట్టి ఆమె అన్నం కంచం పక్కన పెట్టారు. దేవతట!

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడంటే నాకు ఇష్టం లేదు. నేనంటే ఆవిడకీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇల్లంతటికీ తెలుసు. పోయిన మనిషి కదా అని ఇప్పుడు నేను కూడా తెల్లపూల బొమ్మ పెడితే అందరికంటే ముందు అసహ్యించుకునేది ఆవిడే.

మేడమ్ కరీంనగర్ దగ్గర ఒక గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక కెనడాకి, కూతురి దగ్గరికి వచ్చేశారు. అక్క ఇక్కడ హాస్పిటల్లో నర్సు. పైన వాళ్ల కుటుంబం, కింద బేస్‌మెంట్‌లో నలుగురం ఆడపిల్లలం. అప్పట్లో హాలిఫాక్స్‌లో గది దొరకడమంటే గగనం. ఏ బస్సెక్కినా మనవాళ్లే, ఏ కాఫీ కొట్టులో ఆర్డర్ తీసుకునేదీ మనవాళ్లే. 'కాలేజీ గేటు తీసినట్టున్నది, అందరు ఈడికే ఉరికొచ్చిండ్రు' అనేవారు మేడమ్ కిటికీలోంచి బస్టాపు వైపు చూస్తూ. తనూ వచ్చినవాళ్లలో ఒకరేనన్న ధ్యాస ఉండేది కాదు.

మిగతా ముగ్గురూ స్టూడెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు. నేను అమ్మా నాన్నలతో పీఆర్ మీద, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతితో, వచ్చాను. నాన్నకి సార్నియాలో కెమికల్ ప్లాంటులో ఉద్యోగం. నేను బయాలజీ డిగ్రీకి హాలిఫాక్స్ వచ్చాను. ఆ తర్వాత మెడిసిన్ చదవాలని. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఇంకో మాటే లేదు, నాకూ ఇంకో కోరిక లేదు. అలాంటిదాన్ని మొదటి రెండేళ్లూ సి ప్లస్సులు తెచ్చుకుని కూర్చున్నాను.

గది చూడటానికి వెళ్లిన రోజు మేడమ్ నా పేరు అడగకముందే మార్కులు అడిగారు. నూలు చీర మీద రెండు స్వెటర్లు, కాళ్లకి అల్లుడి ఉన్ని సాక్సులు వేసుకుని సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. చెప్పాను. సి ప్లస్ అంటే నూటికెంత అన్నారు. అరవై ఐదు దాకా అన్నాను. 'అరవై అయిదుకు డాక్టరైతవా?' అని, నా జవాబు కోసం చూడకుండా, అక్కతో చెప్పుల స్టాండులో నాకెక్కడ చోటుందో చూడమన్నారు. వేరే చోట గది దొరికితే ఆ నిమిషమే వచ్చేసేదాన్ని.

మార్కులు ఎందుకలా వచ్చాయో నాకు తెలియక కాదు. ఇంటర్ విజయవాడ హాస్టల్లో చదివాను. పేజీ నంబరుతో సహా అప్పజెప్పగలను. ఇక్కడ పరీక్షలో పాఠం అడగరు. ఒక ముసలాయనకి నాలుగు రోజులుగా నీరసం, కాళ్లు వాచాయి, ఒంట్లో ఏం జరుగుతోంది అని అడుగుతారు. నేను ముసలాయన్ని వదిలేసి చాప్టరంతా దింపేదాన్ని. కోర్సు బాగాలేకపోతే మధ్యలో మానుకోవచ్చని తెలిసినా మానుకోలేదు. మొదలుపెట్టిన పరీక్షలోంచి లేచి రావడమన్నది మన పెంపకంలోనే లేదు కదా.

మేడమ్ మీద అసలు కోపం మొదలైంది మనవడి పుట్టినరోజు నాడు. పై హాలు నిండా తెలుగువాళ్లు, సాఫ్ట్‌వేర్ అంకుల్స్, నర్సు ఆంటీలు. మేము కింద నుంచి పూరీలు మోసుకొస్తున్నాం. మేడమ్ అందరి ముందూ నన్ను ఆపి, 'ఈ పిల్ల డాక్టర్ అయితదట. కెమిస్ట్రీల సి' అన్నారు. పూరీల పళ్లెంతో నిలబడిపోయాను. 'అమ్మమ్మా, దట్స్ సో మీన్' అన్నాడు పుట్టినరోజు పిల్లాడు. అంత పెద్ద హాల్లో నా పక్షాన మాట్లాడింది వాడొక్కడే. ఒక అంకుల్ మాత్రం జాలిపడి, మరి ఇప్పుడెలా అమ్మా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మేడమ్ తీర్పు చెప్పేశారు.

'ఏముంది? ఇంప్రూవ్‌మెంట్ రాస్తది. మంచిగొస్తే పాతది పోతది.'

హాలంతా తలూపింది. ఇంజనీర్లు, నర్సులు, వాళ్ల పిల్లల్ని ఇక్కడి యూనివర్సిటీల్లో చదివిస్తున్నవాళ్లు, ఒక్కరు కూడా కాదనలేదు. ఎందుకు కాదంటారు? అక్కడున్న అందరమూ ఇంటర్ బోర్డు కింద పెరిగినవాళ్లమే. తక్కువొస్తే ఎండాకాలంలో ఇంప్రూవ్‌మెంట్ రాస్తాం, ఎక్కువొచ్చిన మార్కే మెమోలో ఉంటుంది, పాతదాని ఊసెవరూ ఎత్తరు. ప్రపంచమంతా అలాగే ఉంటుందని మాకు సందేహమే లేదు. నేనూ తలూపాను. మర్నాడే సి వచ్చిన కోర్సులన్నీ మళ్లీ రిజిస్టర్ చేసుకున్నాను.

ఆ ఏడాదంతా చదివిందే చదివాను. మేడమ్ పొద్దున్నే వంటింట్లో నుంచి మడమతో నేల మీద మూడు దెబ్బలు కొట్టేవారు. మా హాస్టల్లో స్టడీ అవర్‌కి గంట కొట్టినట్టు. మిగతా అమ్మాయిలు దిండు కింద తల పెట్టుకుని ఆవిణ్ణీ నన్నూ కలిపి తిట్టేవాళ్లు. ఆవిడ చేపలు కోసే రోజు ఇంకో నరకం. మార్కెట్ నుంచి మాకరెల్ తెస్తే, మామూలు మనుషుల్లా శుభ్రం చేసి కూర వండరు. పొట్ట కోసి పలక మీద పరిచి నన్ను పైకి పిలిచి, ఇదేంది, అదేంది అని కత్తి మొనతో చూపిస్తూ అడిగేవారు. ఒకసారి గుండె పేరు చెప్పి గదుల లెక్కకి వచ్చేసరికి తెలియక, అర్థమైనట్టు తల ఊపాను. 'తల ఊపకు. తల బర్రె గుడ ఊపుతది. తెల్వకుంటే తెల్వదని గట్టిగ చెప్పు' అన్నారు. ఆ రోజు నేను చేపల కూర తినలేదు.

ఏడాది చివర అన్నిట్లో 'ఏ మైనస్' గ్రేడులు, అంటే ఎనభై పైనే, వచ్చాయి. రవ్వ కేసరి చేసి పైకీ కిందకీ పంచాను. మేడమ్ రెండుసార్లు వడ్డించుకుని, నెయ్యి తక్కువైందన్నారు. ఆ వారమే యూనివర్సిటీలో అడ్వైజర్ దగ్గరికి వెళ్లాను, మెడికల్ స్కూళ్లకి ఎప్పుడు అప్లై చేయాలో కనుక్కుందామని.

ఆమె నా ట్రాన్స్‌క్రిప్ట్ చూసి, ఇవన్నీ మళ్లీ ఎందుకు చేశావని అడిగింది. పాతవి పోవడానికి అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. పాతవి ఎక్కడికీ పోవు, రెండూ పక్కపక్కనే ఉంటాయంది. నేను పెట్టుకుందామనుకున్న స్కూళ్లు రెండు మార్కులూ లెక్కేస్తాయి. కొన్ని చివరి రెండేళ్లే చూస్తాయి కానీ అవి ఫుల్ లోడుతో, అంటే ఒక్క సబ్జెక్టూ తగ్గించకుండా, కొత్త కోర్సులు చేసిన ఏళ్లై ఉండాలి. మళ్లీ చేసినవి ఆ లెక్కలోకి రావు. చాలా మెల్లగా, దయగా చెప్పింది. సి తెచ్చుకుని దాన్ని అలాగే వదిలేసి, ఆ ఏడాది అంతకంటే కష్టమైన కోర్సులు చేసి ఉంటే ఇప్పటికి సగం దారిలో ఉండేదాన్నట.

బస్సు దిగి బూట్లు కూడా విప్పకుండా, మంచు కారుతూ, నేరుగా పై వంటింట్లోకి వెళ్లాను. మేడమ్ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. మీ మాట విని నా ఏడాది తగలబడిందని అరిచాను. నోటికొచ్చిందల్లా అన్నాను. మీకు తెలియని ఊళ్లో తెలియని రూల్స్ మీద తీర్పులు చెప్పడానికి మీరెవరన్నాను. మీరు పాఠం చెప్పిన పిల్లలెంతమంది ఇలా మునిగిపోయారో అని కూడా అన్నాను. అక్క పరుగెత్తుకొచ్చింది. మేడమ్ మాత్రం చిక్కుడుకాయ కింద పెట్టలేదు. 'రూల్స్ చదువుకోవాల్సింది ఎవరు, నువ్వా నేనా?' అన్నారు. అంతే. పొరపాటైందనలేదు, అయ్యో అనలేదు. నా కోసం కాకపోయినా, కేసరి కోసమైనా ఒక్క మాట అనొచ్చు కదా.

తర్వాత మాకు మాటల్లేవు. నేల మీద దెబ్బలు ఆగిపోయాయి. అమ్మ సార్నియా నుంచి ఫోన్ చేసి పెద్దావిడతో అలా మాట్లాడతారా అని నన్నే తిట్టింది. నేను ఐదో ఏడు కూడా చదవాలనీ, రెండేళ్లూ కొత్త కోర్సులు ఫుల్ లోడుతో తీసుకోవాలనీ, ఒక్క సి కూడా రాకూడదనీ తేల్చుకుని పళ్లు నూరుకుంటూ రిజిస్టర్ చేశాను. అందులో మెడిసిన్ ప్రవేశానికి ఎంక్యాట్ పరీక్ష కూడా రాయాలి. ఈసారి కూడా జారితే ఇక డాక్టర్ మాట ఎత్తకూడదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక శనివారం పొద్దున నేను బేస్‌మెంట్‌లో డ్రయర్‌లోంచి బట్టలు తీస్తుంటే మెట్ల మీద చప్పుడైంది. మేడమ్‌కి మోకాళ్ల నొప్పులు, ఆ మెట్లు దిగడం నేనెప్పుడూ చూడలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ కూర్చున్నంత పని చేసి దిగారు. చంకలో నా ఫిజియాలజీ పుస్తకం ఉంది. పై హాల్లో వదిలేసిన సంగతే మర్చిపోయాను. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, వాషింగ్ మెషిన్ పక్కన నిటారుగా నిలబడి చేతులు కట్టుకున్నారు.

'ఊపిరితిత్తుల పాఠం. అప్పజెప్తా. తప్పుంటే పట్టు.'

మొదలుపెట్టేశారు. అప్పజెప్పించుకోవడమన్నది మనందరికీ తెలుసు. పిల్ల నిలబడుతుంది, టీచరు కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చున్న మనిషి, డెబ్బై దాటాక, బట్టల బుట్ట ముందు చేతులు కట్టుకుని నిలబడింది. నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. పుస్తకం తెరిచి బట్టల కుప్ప మీద కూర్చున్నాను. మొదటి తప్పు దగ్గరే ఆపాను. 'తప్పు మేడమ్.' ఆవిడ మొహం ఎర్రబడింది. కానీ మళ్లీ మొదలుపెట్టారు. ఆవిడ చదివినప్పటికీ ఇప్పటికీ పాఠం చాలా మారింది, ఇంగ్లిషు పదాలు నాలుక తిరగడం లేదు. దొరికినచోటల్లా పట్టుకున్నాను. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

మర్నాడు మళ్లీ దిగారు. ఆ తర్వాత అదే అలవాటైంది. పొద్దున నేను ఫెర్రీకి వెళ్లేముందు, డ్రయర్ పక్కన. ఒక చిక్కు మాత్రం ఉంది. పుస్తకంలో ఉన్నది అటూ ఇటూ చేసి సొంత మాటల్లో చెబితే, తప్పో ఒప్పో పుస్తకం చూసి తేల్చలేను. 'ఇది తప్పు' అంటే 'ఎందుకు తప్పు?' అని ఎదురు నిలిచేవారు. ఎందుకో చెప్పలేకపోతే నా పరువు పోయేది. నా పరువు ఆవిడ ముందు పోవడమా? అందుకని ముందురోజే ఆ పాఠం మూలమూలలా చదువుకునేదాన్ని. ఆవిడ ఎక్కడ తప్పుతారో ముందే ఊహించుకుని, అక్కడ ఎందుకు తప్పో, ఆ తప్పు ఒంట్లో జరిగితే మనిషికి ఏమవుతుందో చూసుకునేదాన్ని. డాక్టర్ అవుదామని చదివింది తక్కువ, మేడమ్ నోరు మూయిద్దామని చదివిందే ఎక్కువ. పరీక్షలో కాళ్లు వాచిన ముసలాయన మళ్లీ వచ్చినప్పుడు నాకు చాప్టర్ గుర్తు రాలేదు. 'ఎందుకు?' అంటున్న మేడమ్ మొహం గుర్తొచ్చింది. ఆ కోర్సులో ఏ ప్లస్ వచ్చింది. చెబితే, 'ప్లస్ అంటే ఇంకేమన్న ఇస్తరా?' అన్నారు. ఆ రెండేళ్లలో సి ముఖం చూడలేదు. ఎంక్యాట్ దాటింది. మెడికల్ స్కూలు వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. వెళ్లే రోజు పొద్దున మేడమ్ దీవిస్తారేమోనని అక్క నన్ను పైకి పిలిచింది. 'ఈ మొహం ఇక్కడ పెట్టి పో, అక్కడ నవ్వు మొహం పెట్టుకో' అన్నారు. దీవెన అదే.

పదకొండో రోజు భోజనాలు ఆ హాల్లోనే పెట్టారు. అక్క వాళ్లాయన నాలుగు మాటలు చెబుతూ నన్ను చూపించి, ఈ అమ్మాయిని చదివించడం కోసం అత్తయ్య కావాలనే తప్పులు చెప్పేవారని అన్నాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. మేడమ్ సంగతి తెలిసి కూడా అంత మాట ఎలా అనగలిగాడో! తెలిసి తెలిసి తప్పు చెప్పడమా, ఆవిడా? ప్రాణం పోయినా చెప్పరు. ప్రతి తప్పూ నిజమైన తప్పే. పట్టుకున్న ప్రతిసారీ ఆవిడ చెవులు ఎర్రబడటం చూసినదాన్ని నేను. రెండేళ్లు రోజూ ఆ మోకాళ్లతో మెట్లు దిగి, తనని చూసి మురిసిపోయే మనిషి ముందు కాదు, తనని చూసి కసిగా నవ్వే పిల్ల ముందు నిలబడి నిజంగా తప్పారు. క్షమించమని ఎప్పుడూ అనలేదు, ఇంకెన్నేళ్లు బతికినా అనేవారు కాదు. అది నాటకమని చెప్పి ఆవిడ పడ్డ సిగ్గుని కూడా లాగేసుకుంటే నేను ఊరుకోను. ఆ హాల్లోనే అన్నాను ఆ మాట. పులిహోర తింటున్నవాళ్లు తల దించుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి సీటొచ్చింది, ఈ ఊళ్లోనే. మేడమ్ ఆశీర్వాదం అని గ్రూపులో రాశారు. అక్క మాత్రం ఏమీ రాయలేదు. తను నాతో మాట్లాడటం మానేసింది. ఎందుకో కూడా చెప్పాలి.

ఆఖరిసారి ఆవిడ అప్పజెప్పింది కిడ్నీ దగ్గర పనిచేసే ఒక హార్మోను గురించి. అది సోడియంని ఒంట్లోకి లాగుతుంది, దానికి బదులు పొటాషియంని బయటకి పంపుతుంది. మేడమ్ క్లాసులో చెప్పినట్టు రెండు వేళ్లు నిలబెట్టి, సోడియం లోపలికి అని ఒక వేలు ముడిచారు. పొటాషియం కూడా లోపలికే అని రెండోదీ ముడిచారు. నేను నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, 'ఆగు. చెప్పకు. నేనే పట్టుకుంట' అన్నారు. నాకు ఫెర్రీ టైమైంది. ఆ మధ్యాహ్నమే గుండెపోటు వచ్చి వంటింట్లో కూలిపోయారు.

వార్త రావడానికి ముందు రోజు సాయంత్రం హాస్పిటల్‌కి వెళ్లాను. మేడమ్ ముక్కుకి మాస్కు ఉంది, మొహం బాగా చిన్నదైపోయింది. మంచానికి ఒక పక్కన అక్క, ఇంకో పక్కన వాళ్లాయన. నన్ను చూడగానే మాస్కు పక్కకి లాగేశారు. అక్క వద్దంటున్నా వినలేదు.

'పొటాషియం లోపలికే' అన్నారు.

అక్క నా వైపు చూసింది. ఊ అను, తల ఊపు అని కళ్లతోనే బతిమాలింది. తల ఊపడం ఎంతసేపు? ఎవరైనా ఊపుతారు. మేడమ్ నన్నే చూస్తున్నారు, డ్రయర్ పక్కన నిలబడి చూసే చూపే.

'తప్పు మేడమ్' అన్నాను.

'ఇప్పుడు కూడానా?' అంది అక్క. అదే తను నాతో మాట్లాడిన చివరి మాట. మేడమ్ నన్ను కొరకొరా చూశారు. తర్వాత తన చేత్తోనే మాస్కు సరిగ్గా పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నిద్రనుకున్నారు వాళ్లు. దుప్పటి మీద ఆవిడ చెయ్యి కదిలింది. ఒక వేలు మెల్లగా లోపలికి ముడుచుకుంది. రెండో వేలు ఎటు పోవాలో ఇంకా తేల్చుకోక అలాగే నిలబడి ఉంది.